కాలవ గట్టు మీద నాయనమ్మ చేతులు

ఒరేయ్ బక్కోడా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది, జవాబు రాయలేదని నువ్వు అలిగావంట, మీ చెల్లెలు చెప్పింది. అలుగు, తప్పు నాదే. రోజూ రాత్రి రాద్దామని కూర్చోవడం, ఏదో ఒకటి అడ్డం రావడం. ఇయ్యాల మాత్రం రాయకుండా పడుకోనని ఒట్టేసుకున్నా, ఎందుకంటే ఒక సంగతి నీకు చెప్పకుండా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

ముందు ఇంటి కబుర్లు గబగబా. అక్కకి బాబు పుట్టాడు, మూడు కిలోలు, ఇద్దరూ బాగున్నారు. మేడ మీద గదికి స్లాబ్ వేశాం. ట్రాన్స్‌ఫర్ ఇంకా రాలేదు. చెంబు నా దగ్గరే ఉంది, భద్రంగా ఉంది, దాని గురించి ఇంతకంటే రాయను, ఎవరన్నా చదివితే మనిద్దరి పరువూ పోద్ది.

సరే, అసలు సంగతికొస్తా.

పోయిన నెల ఒక పెళ్ళికి పోయినా. భోజనాల కాడ నా పక్కన ఒకాయన కూర్చున్నాడు, పెద్దమనిషే, పేరెందుకులే. మాట మాట మీద మేం ఎవరి పిల్లలం, ఏ చర్చికి పోతాం అని తెలుసుకున్నాడు. తెలుసుకుని, పప్పు కలుపుకుంటా కలుపుకుంటా, మీవోళ్ళంతా కరువులో గంజి కోసం మతం మారినోళ్ళేగా అన్నాడురా. తిట్టినట్టు కూడా కాదు, మామూలుగా, వాన పడిందంట గదా అన్నంత మామూలుగా. నా నోట్లో ముద్ద అట్టాగే ఆగిపోయింది. ఏం చెప్పాలో తెలియలా. నాకు ఏమన్నా తెలిస్తే గదా చెప్పడానికి! ఆదివారం ఆదివారం జ్యూయెట్ చర్చి మెట్లెక్కి దిగుతానే గానీ ఆ జ్యూయెట్ అనే మిషనరీ ఎవరో కూడా సరిగ్గా తెలియదు నాకు అప్పటికి.

ఆ రాత్రి ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పా. ఆమె సంగతి నీకు తెలుసుగా, ఎనభై నాలుగొచ్చినా ఎవురన్నా ఒక మాట అంటే ఇంటి కప్పు ఎగిరిపోద్ది. ఆ రాత్రి మాత్రం ఏమీ అనలా. మజ్జిగ తాగింది, పడుకుంది. తెల్లారి ఆరింటికి స్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని, వరండాలో కూర్చుని ఉంది. "బండి తియ్యరా, కొత్తపట్నం పోదాం" అంది.

సముద్రం చూడాలని బుద్ధి పుట్టిందేమో అనుకున్నా. కాదు. ఊరికి ఇవతలే బకింగ్‌హాం కాలవ వంతెన మీద ఆపమంది. ఆ వంతెన నీకు గుర్తుండే ఉంటది, ఇంటర్లో మనం సైకిళ్ళ మీద పోయి ఎండ్రకాయలు పట్టింది అక్కడే, నువ్వు చెప్పు పోగొట్టుకున్నావు చూడు, ఆ పక్కే. ఇప్పుడు గట్టంతా చిల్లచెట్లు, అటూ ఇటూ రొయ్యల చెరువులు, నీళ్ళు నల్లగా కదలకుండా ఉన్నాయి, వాసన. కర్ర పట్టుకుని మెల్లగా గట్టు దిగింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. దిగి, చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గుళ్ళో విప్పినట్టు విప్పిందిరా! నాకు ఒళ్ళు జలదరించింది.

"ఇది మనం తవ్విందేరా" అంది.

ఆమె వాళ్ళ తాత ఎనిమిదేళ్ళ పిల్లోడప్పుడు ధాత కరువొచ్చిందంట. అంటే 1876. నాగజెముడు పండ్లు, గడ్డి గింజలు, ఏది దొరికితే అది తిన్నారంట, పల్లెలో సగం ఇళ్ళకి తలుపు తీసేవాళ్ళు లేకుండా పోయారంట. అప్పుడు ఒంగోల్లో క్లౌ దొర ఉన్నాడు. ఈ క్లౌ దొర గురించి ఆ రోజు నుంచీ నాకు దొరికిందల్లా చదివా, అందుకే ఉత్తరం లేటు, అదీ నిజం. పేరు జాన్ ఎవరెట్ క్లౌ, అమెరికా బాప్టిస్టు మిషన్ మనిషి, 1866 లో ఒంగోలుకి వచ్చాడు. కుర్రతనంలో వాళ్ళ దేశంలో సర్వే పని చేసినోడు, కొలతలూ మట్టి లెక్కలూ తెలుసు. కరువు పనుల కింద సర్కారు ఈ కాలవ తవ్విస్తుంటే, అక్కడ మేస్త్రీలు మనోళ్ళని కొట్టడం, కూలి ఎగ్గొట్టడం చూసి, ఈయన నేరుగా మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు. తన దగ్గర బోధకులుగా ఉన్న తెలుగోళ్ళనే మేస్త్రీలుగా పెట్టాడు. చేసిన పనికి కూలి. ఊరికే గంజి పొయ్యలేదురా, కూలి ఇచ్చాడు. ఈ తేడా ఆ పెళ్ళిలో పెద్దమనిషికి తెలియదు, నాకూ తెలియదు, నాయనమ్మకి తెలుసు.

ఇంకోటి విను, ఇది చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చా. కరువు నడిచినంత కాలం, పదిహేను నెలలపాటు, క్లౌ దొర ఒక్కడంటే ఒక్కడికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగేవాళ్ళు లేక కాదు, వందల మంది అడుగుతున్నారు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని ఆపేశాడు. వానలు పడ్డాయి, సాయం డబ్బులు అయిపోయాయి, ఇంక నా దగ్గర ఇచ్చేదేమీ లేదు, ఇళ్ళకి పొండి అన్నాడు. పోలేదు జనం. వచ్చి కూర్చున్నారు. నీ డబ్బులొద్దు, ఇప్పుడూ అడగం, ఎప్పుడూ అడగం, మా కష్టం మేము పడతాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, పోతే పోతాం గానీ క్రైస్తవులుగా పోతాం అని అర్థం వచ్చేట్టు చెప్పి, బొబ్బలెక్కిన అరచేతులు చూపించారంట.

ఈ చేతుల సంగతి నేను పుస్తకంలో చదివింది తర్వాత. ముందు చూసింది ఆ గట్టు మీద. నాయనమ్మ కర్ర కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విప్పి, "ఇట్టా పెట్టాడంట మా తాత వాళ్ళయ్య, ఇట్టా, చూడు" అని చూపించింది. వాళ్ళ తాత ఈమె చిన్నప్పుడు అరుగు మీద కూర్చోబెట్టుకుని అట్టా పట్టి చూపించేవాడంట. ఆయన కూడా తట్టలో మట్టి మోసినోడే, ఎనిమిదేళ్ళ పిల్లోడు. ఆమె చేతులు నేను ఎన్నిసార్లు చూసుంటా, అన్నం పెట్టేటప్పుడు, తల దువ్వేటప్పుడు, పలక మీద గుండ్రంగా అ ఆ లు రాయించేటప్పుడు. సన్నగా, ముడతలు పడి, బొటనవేలు దగ్గర సుద్దముక్క పట్టీ పట్టీ గట్టిపడిన చర్మం. ముప్పై ఏళ్ళు టీచరు ఉద్యోగం. ఆ చేతుల కింద ఇంకో చేతులు కనపడ్డాయిరా నాకు. అంతకంటే ఎట్టా చెప్పాలో…

ఉండు, కాఫీ తెచ్చుకుంటా.

ఆ. ఏం చెప్తున్నా? 1878 జూలై 3. ఒంగోల్లో మశూచి ఉందని జనాన్ని వెల్లంపల్లి కాడికి రమ్మన్నారు, గుండ్లకమ్మ ఒడ్డుకి. మనం హైవే మీద బస్సులో దాటతామే, అదే. ఆ ఒక్క రోజు 2,222 మందికి బాప్తిస్మం. ఇచ్చింది దొర కాదు! ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరు. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ మండేటప్పుడు ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా. ఒక్కొక్కరి పేరూ చదువుతుంటే ఒక్కొక్కరూ నీళ్ళలోకి. ఆ సంవత్సరం ముగిసేసరికి తొమ్మిది వేలు దాటారు.

అందరూ క్లౌ దొర క్లౌ దొర అంటారు, నేనూ అంటున్నా, కానీ నా మనసుకి పట్టుకున్నోడు ఇంకొకడు. యర్రగుంట్ల పేరయ్య. మా మాదిగ బిడ్డ, ఒంగోలుకి పడమట తాళ్ళకొండపాడు. తోళ్ళ వ్యాపారం. అంతకుముందే యోగుల దగ్గర ఉపదేశం తీసుకుని, శిష్యులున్న మనిషి, దేవుణ్ణి వెతుక్కుంటా తిరిగినోడు. వ్యాపారానికి ఉత్తరం వైపు పోయినప్పుడు బంధువు దగ్గర ఏసు మాట విని, అది పట్టుకుని, మిషనరీ కోసం తనే కాలినడకన పోయాడు. ఎవరూ వచ్చి బతిమాలలేదు. 1866 లోనే బాప్తిస్మం, అంటే కరువుకి పదేళ్ళ ముందు! భార్యాభర్తలిద్దరూ పల్లె పల్లె తిరిగారు. ఇంక గంజికి అన్న మాట యాడ నిలబడుద్ది చెప్పు.

పేరయ్యలాంటి మాదిగలు చేరడానికి వచ్చినప్పుడు క్లౌ దొరకి పెద్ద చిక్కొచ్చింది. ఆయన బడిలో అప్పటికే బ్రాహ్మల పిల్లలు చదువుకుంటున్నారు. మాదిగలని కలుపుకుంటే మా పిల్లల్ని పంపం అని కబురొచ్చింది. పెద్ద కులాలోళ్ళు ముందొస్తే ఊరంతా వస్తదని ఆయన ఆశ. ఏం చెయ్యాలో తెలియక తన గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయుల మొదటి పత్రికలో, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనియున్నాడు అన్న చోట తెరుచుకుందంట. ఇంకో గదిలో ఆయన భార్యకీ అదే చోటంట. బడి పోతే పోయిందని మావోళ్ళ వైపు నిలబడ్డాడు. పిల్లలు వెళ్ళిపోయారు కూడా. మీ ముత్తాత గారి ఊరు కూడా ఆ పక్కే గదా, ఆ బడిలోంచి వెళ్ళిపోయిన పిల్లల్లో మీవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో అనుకున్నా, కోపంతో కాదురా, నిజంగా. ఉంటే మాత్రం ఏముంది, నువ్వూ నేనూ ఒకే బెంచీ, ఒకే టిఫిన్ బాక్సు. నాయనమ్మ నిన్ను ఇప్పటికీ "మన పంతులు పిల్లోడు" అనే అడుగుతది.

చేరినోళ్ళకి కూడా సులువేం కాదు. మూడు కట్టుబాట్లు పెట్టారు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నగానే ఉన్నాయా? ఆదివారం పనికి రానంటే ఊరి పెద్దలకి, కరణాలకి ఎట్టా ఉంటది? జాతరలో డప్పు కొట్టనంటే? బావి కాడికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు, దొంగకేసులు పెట్టారు. వారానికి ఒక రోజు నా ఒళ్ళు నాది అని మొదటిసారి అన్నారురా మనోళ్ళు. ఆదివారం అంటే నాకు ఇన్నాళ్ళూ చికెనూ నిద్రా. ఇప్పుడు అట్టా అనిపించట్లా.

ఆ మట్టి మోసిన పిల్లోడు చెట్టు కింద బళ్ళో అక్షరాలు నేర్చుకున్నాడు. ఆయన కొడుకు బోధకుడు. కొడుకు కూతురు ఏబీఎం స్కూల్లో, అంటే ఆ అమెరికా బాప్టిస్టు మిషన్ స్కూల్లో చదివి టీచరు. అదే మా నాయనమ్మ. ఆ తర్వాత మా నాన్న, నేను, నువ్వు చూశావుగా.

ఒక్కటి మాత్రం లోపల గుచ్చుకుంటానే ఉంది. 2,222 అని అంకె ఉంది, ఒకరి నుంచి ఒకరు చెప్పుకుంటారు, కానీ ఆ చేతులు చాపిన మనిషి పేరేందే అని నాయనమ్మని అడిగితే, "మేము పెద్దయ్య అనేవాళ్ళంరా" అంది. అంతే. నది ఒడ్డున ఎవరో ఆయన పేరు పైకి చదివి ఉంటారు గదా, కనీసం ఒక్కసారి. ఆ మాట అనుకున్నప్పుడల్లా…

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆమె ఏమీ మాట్లాడలా. ఇంటికొచ్చాక ఒక్క మాట అంది, "ఆ పెద్దమనిషి మళ్ళీ కనపడితే కోప్పడబాకు, కాలవ కాడికి తీసుకుపో" అని. నేనైతే ఇంకా కోపంగానే ఉన్నా, అబద్ధం ఎందుకు చెప్పాలి.

జూలై 3 న వెల్లంపల్లి తీసుకుపొమ్మంటంది. గుండ్లకమ్మలో నీళ్ళు ఉంటాయో లేదో, పైన మల్లవరం రిజర్వాయరు వదిలినదాన్ని బట్టి. నీళ్ళు లేకపోయినా ఇసకలో కాసేపు నిలబడతానంటంది. నువ్వు సెలవు పెట్టి రారా. నిజంగా అడుగుతున్నా. బండిలో ముందు సీటు ఆమెకి, వెనక మనిద్దరం కాదు, నేను నడపాలి గదా, నువ్వొక్కడివే వెనక, చెంబు ఒళ్ళో పెట్టుకుని. టికెట్లు ఇప్పుడే చూడు, పినాకినికి దొరక్కపోతే

నాయనమ్మ పిలుస్తంది, కంట్లో చుక్కలు వెయ్యాలి, తొమ్మిదిన్నర అయిపోయింది. పోస్టు డబ్బా పొద్దున ఏడింటికే తెరుస్తారు, ఇప్పుడు అంటించకపోతే మళ్ళీ రెండు నెలలు. ఉంటా.

నీ
పొడుగోడు