తెల్లకణం చొక్కా తొడిగితే

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? కీమో మందు క్యాన్సర్ గడ్డ దగ్గరికే పోకుండా జుట్టునీ గుండెనీ ఎందుకు పట్టుకుంటుందని మొన్న ఫోన్లో అడిగావు. సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

మందుని నానో కణాల్లో, అంటే కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో, నింపి పంపడం కొత్త కాదు, అలా నింపిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందు 1995లోనే వచ్చింది. చిక్కంతా దారిలోనే. కాలేయంలో, ప్లీహంలో కాపుకాసే మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు పరాయి సరుకని వాటిని చాలావరకు మింగేస్తాయి. మన తెల్ల రక్తకణాలు కూడా ఆ రక్తంలోనే తిరుగుతాయి కానీ ఆ రక్షక కణాలు వాటి జోలికి అలా పోవు. సరే, వాటి పైపొరే మందు కణానికి తొడిగితే? 2011లో శాన్ డియాగోలో లియాంగ్‌ఫాంగ్ ఝాంగ్ బృందం ఎర్రకణాల పొరతో ఇలా చేసింది. తర్వాత హ్యూస్టన్‌లో టాసియోట్టి బృందం తెల్లకణాల పొరని సిలికాన్ రేణువులకు తొడిగింది.

నాకు మాత్రం దాక్కోవడం కంటే పట్టుకోవడమే అద్భుతం అనిపిస్తుంది. మైక్రోస్కోప్ వీడియోలో చూశా. వాపు ఉన్నచోట, క్యాన్సర్ గడ్డ దగ్గరా అలాంటి వాపే ఉంటుంది, రక్తనాళం గోడ మీద సెలెక్టిన్లనే అంటుకునే ప్రోటీన్లు మొలుస్తాయి. వేగంగా కొట్టుకొచ్చే తెల్లకణం వాటికి తగులుకుంటుంది, వదిలేస్తుంది, మళ్లీ తగులుకుంటుంది. అలా దొర్లుతూ దొర్లుతూ నెమ్మదిస్తుంది. అప్పుడు తెల్లకణం మీదుండే ఇంటెగ్రిన్లనే ప్రోటీన్లు గోడకి గట్టిగా బిగుసుకుంటాయి. కణం ఆగి, సాగి, గోడ సందులోంచి అవతలికి జారుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదురా.

మా ల్యాబ్‌లో తెల్లకణాల్ని ఉప్పు తక్కువున్న ద్రవంలో వేసి ఉబ్బించి పగలగొడతాం. లోపలి సరుకు పోయి పొర మిగులుతుంది. దాన్ని మందు కణాలతో కలిపి, రెండు సిరంజిల మధ్య 100 నానోమీటర్ల రంధ్రాల ఫిల్టర్‌లోంచి అటూ ఇటూ నెడతాం. బొటనవేళ్లు లాగేస్తాయి. పాలలా ఉన్న ద్రవం మెల్లగా పలచబడి తేరుకుంటుంది.

టెన్షన్ అక్కడే మొదలవుతుంది. పొర కొన్నిచోట్ల తిరగబడి అతుక్కుంటే పట్టుకునే ప్రోటీన్లు లోపలికి పోతాయి. అసలు తెల్లకణం పది మైక్రోమీటర్ల పైమాటే, మన మందు కణం అందులో వందో వంతు. అంత చిన్నదాని మీద పట్టు ఎన్నిచోట్ల దొరుకుతుంది? ప్రతి బ్యాచ్ ఒకేలా రావడం ఇంకో తలనొప్పి.

రేపు ఈ కణాల మీద ఎల్ఎఫ్ఏ-1 ఎంత మిగిలిందో కొలుస్తున్నాం. అది వాపు ఉన్న గోడని బిగించి పట్టే ఇంటెగ్రిన్. రిజల్ట్ రాగానే ఫోన్ చేస్తా, ఎత్తు.

నీ
వాసు