దోర్నాల రోడ్డు మీది పాములు

మార్కాపురం,

ప్రియమైన శేఖర్‌కు,

నీ ఉత్తరం అందింది. రాత్రిపూట రోడ్ల వెంట పాములను వెదుకుతూ తిరగడంలో నాకేం దొరుకుతోందని అడిగావు. ఉన్నమాట చెప్పాలంటే, బతికున్న పాముల కంటే చచ్చినవే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఆ చచ్చినవాటిని కూడా ఎవరో ఒకరు ఓపికగా చూసి రాసిపెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తోంది కనుకనే ఈ పని మానలేకపోతున్నాను.

మేము తిరిగేది మార్కాపురం నుంచి దోర్నాల వైపు వెళ్ళే రోడ్డు. దోర్నాల దాటాక శ్రీశైలం వెళ్ళే ఘాటు దారి పులుల అభయారణ్యంలోది కాబట్టి అటవీశాఖ వారు రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అక్కడ వాహనాలను ఆపేస్తారు. ఆ కట్టడి వల్ల లోపలి జీవాలకు రాత్రంతా కాస్త ఊపిరి ఆడుతోంది. ఇవతలి వైపు, చేలకూ గుట్టలకూ నడుమ పోయే రోడ్డుకు అలాంటి రక్షణ ఏదీ లేదు. తొలకరి జల్లులు పడి కప్పలు రోడ్డెక్కిన రాత్రులలో వాటి వెనకే పాములూ వస్తాయి. స్కూటరును నెమ్మదిగా పోనిస్తూ, వెనక కూర్చున్నవాడు టార్చి వెలుగును రోడ్డు అంచుల వెంట నడిపిస్తూ ఉంటే, తాడు ముక్కలూ టైరు పేలికలూ కూడా మొదట్లో పాముల్లాగే కనబడతాయి.

ఈ పద్ధతి మేము కనిపెట్టింది కాదు. అమెరికాలోని శాన్‌డియాగోలో విద్యుత్ సంస్థ ఇంజనీరుగా పనిచేసిన లారెన్స్ క్లాబర్, 1920, 30 దశకాలలోనే ఎడారి రోడ్ల మీద రాత్రిళ్ళు కారు నడుపుతూ పాములను వెదికాడు. అరుదైనవని అందరూ అనుకుంటున్న కొన్ని జాతులు అక్కడ మామూలుగానే ఉన్నాయని, పగలు వెదకడం వల్లనే అవి ఎవరి కంటా పడలేదని దాంతో తేలింది.

మొన్న వాన వెలిశాక ఒక కల్వర్టు పక్కన కట్లపాము చచ్చి పడి ఉంది. నడుము మాత్రమే నలిగింది, తక్కిన ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. దాన్ని పోలి ఉండే విషం లేని వుల్ఫ్ స్నేక్ ఏమోనని వంగి చూశాము. వెన్ను నడిమధ్యన ఆరు పలకల పెద్ద పొలుసులు ఒకే వరసలో కనబడటంతో అనుమానం తీరింది. తెల్లని పట్టీలు కూడా మెడ దగ్గర మసకబారి తోక వైపు స్పష్టంగా ఉన్నాయి. వుల్ఫ్ స్నేక్‌కు ఇది తిరగబడి ఉంటుంది. చచ్చిన పామునైనా చేత్తో ముట్టుకోము, ఎందుకంటే అప్పుడే చచ్చిన పాము తల కూడా కాటు వేయగలదు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, సమయం, చోటు, వాన సంగతి, చుట్టూ ఉన్న పైరు రాసుకుని, పొడవాటి కర్రతో రోడ్డు దిగువకు జరిపాము. అక్కడే వదిలేస్తే దాన్ని తినడానికి వచ్చే ముంగిసో నక్కో కూడా చక్రాల కింద పడుతుంది. పైగా తెల్లవారేసరికి చీమలూ కాకులూ కలిసి చాలావాటిని ఆనవాలు లేకుండా చేస్తాయి. పగటిపూట మాత్రమే వెళ్ళి లెక్కపెట్టేవారికి అసలు నష్టంలో కొంతే కనబడుతుంది.

నన్ను అన్నింటికంటే కలచివేసింది ఒక రక్తపింజర. అది గుడ్లు పెట్టే పాము కాదు, పిల్లలను కంటుంది. ఒక్కో కాన్పులో ఇరవై, ముప్పై పిల్లలు పుట్టడం మామూలే. చక్రం కింద దాని పొట్ట చీలి, పుట్టబోయే పిల్లలు తారు మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి వెన్నుల మీద గొలుసు లాంటి మచ్చలు అప్పటికే చక్కగా ఏర్పడి ఉన్నాయి. ఆ రాత్రి ఇంకేమీ వెదకబుద్ధి కాలేదు.

బతికున్న రక్తపింజర రోడ్డు మధ్యన చుట్ట చుట్టుకుని, ప్రెషర్ కుక్కరులా బుసకొడుతూ కదలనని మొండికేసిన రాత్రీ ఒకటుంది. దూరంగా నిలబడి టార్చి ఊపి వాహనాలను ఆపాము. ఒక లారీ డ్రైవరు దిగి, అది తీరుబాటుగా చేలోకి పాకిపోయేదాకా మాతోపాటే నిలబడ్డాడు. కావాలని పాము మీదికి బండి ఎక్కించేవారిని చూశాను కనుక, ఆయన గురించి నీకు ప్రత్యేకంగా రాస్తున్నాను.

దీనికి మార్గం లేకపోలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షానీ జాతీయ అరణ్యంలోని ఒక రోడ్డును పాములు దాటే వసంతంలోనూ శరత్తులోనూ సుమారు రెండేసి నెలలు వాహనాలకు మూసేస్తారు. మన హైదరాబాదు, కర్నూలు మీదుగా పోయే 44వ జాతీయ రహదారికే మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ అడవి దగ్గర జంతువుల కోసం కింద దారులు కట్టారు. మన రోడ్డును మూయమని నేను అడగను, ఊళ్ళకు అదే ఆధారం. కానీ పూడిపోయిన కల్వర్టులలో మట్టి తీయించి, పాములను అటు మళ్ళించేలా రెండు వైపులా పొట్టి గోడలు కట్టి, వానాకాలపు రాత్రులలో వేగం తగ్గిస్తే ఎన్నో ప్రాణాలు దక్కుతాయని నా నమ్మకం. ఏ కల్వర్టుల దగ్గర ఎక్కువగా చస్తున్నాయో చూపే పటం తయారుచేస్తున్నాను, అది పూర్తికాగానే సంబంధిత అధికారులకు ఇస్తాను.

నువ్వు ఆత్మకూరు వైపు తరచుగా వెళ్తుంటావు కదా, ఆ దారిలో చచ్చిన పాము కనబడితే బండిని పక్కకు ఆపి ఫోటో తీసి, చోటూ సమయమూ రాసి పంపు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, తలా తోకా రెండూ ఫోటోలో పడితే చాలు. బతికున్నదైతే దూరం నుంచే చూడు. పట్టుకోవడం ప్రమాదమే కాక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. దసరాకు వచ్చేటప్పుడు మడమలు దాటి పైకి వచ్చే గట్టి బూట్లూ, మంచి టార్చీ తెచ్చుకో. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రామం