ఆదివారం పొద్దున్న షట్టరు సగం ఎందుకు దింపుతున్నానంటే

పర్లాకిమిడిలో మా ఫ్రేముల కొట్టుకు వచ్చేవారందరికీ నమస్కారం.

"ఆదివారం షట్టరు సగం దించేసి ఏం చేస్తున్నావు, ఫోన్ కూడా ఎత్తవు" అని చాలామంది అడుగుతున్నారు. పది నుంచి పన్నెండు దాకా లోపల నలుగురు పిల్లలు బొమ్మలు వేసుకుంటారు. నలుగురికీ ఆటిజం ఉంది. మొదటి వారం నేను ఆలోచించకుండా ఫ్రేము కర్రలు కోసే మిషను ఆన్ చేస్తే ఒక పాప చెవులు మూసుకుని బల్ల కిందికి దూరిపోయింది. బయటికి రావడానికి గంట పట్టింది. అందుకే ఆ రెండు గంటలూ కోత బంద్. శనివారం ఇచ్చిన ఫ్రేము ఇకమీదట సోమవారమే అందుతుంది. పెళ్లి ఫోటోల వాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. పదేళ్ల బాబు ఒకడు కాగితం అంచుల వెంట గళ్లు గీస్తాడు. చుట్టూ పూర్తయితే గాని మధ్యలోకి రాడు. "మధ్యలో ఇల్లు వెయ్యి నాన్నా" అని చెయ్యి పట్టుకుని గీయించాను. పెన్సిల్ పడేశాడు. మూడు వారాలు మళ్లీ ముట్టుకోలేదు. తర్వాత తట్టింది నాకు: మన గజపతి జిల్లా కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడల మీద వరిపిండితో వేసే ఇడితాల్ బొమ్మలూ అంతే కదా, ముందు అంచు గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. ముప్పై ఏళ్లుగా ఫ్రేములు కట్టి బతుకుతున్నవాణ్ణి, ముందు ఫ్రేము గీసుకునేవాడు నాకే అర్థం కాలేదు! ఇప్పుడు వాడి జోలికి పోను. వాడు వాడే రంగులు చేతికందేలా పెడతాను, అంతే.

ఒక తండ్రి లండన్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ గురించి అడిగారు. ఆటిజం ఉన్న ఆయన 2005లో హెలికాప్టర్‌లోంచి టోక్యోను కాసేపు చూసి, జ్ఞాపకం మీదే పది మీటర్ల బొమ్మ గీశారు. "మావాడికీ అలా వస్తుందా అన్నా?" అంటే, అలాంటి జ్ఞాపకశక్తి ఆటిజం ఉన్నవాళ్లలోనూ కొద్దిమందికే ఉంటుందని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. కానీ అబద్ధం ఎలా చెప్పను?

ఇక డబ్బు సంగతి. వాళ్ల బొమ్మలతో కార్డులు వేయించి, కవరు మీద 'ప్రత్యేక పిల్లలు గీసినవి' అని పెద్దక్షరాల్లో రాయించాను. చాలామంది బొమ్మ వైపు చూడకుండానే "అయ్యో పాపం" అని ఇరవై రూపాయలు పెట్టి వెళ్లారు. కొందరు కార్డు కూడా తీసుకోలేదు. ఆ మాట రాయించింది నేనే, ఇప్పుడు తీసేశాను. ఇరవైలో ఎనిమిది ప్రింటుకి, పన్నెండు గీసిన పిల్లలకి. బల్ల కింద దూరిన పాప తన బొమ్మ నేను తీసిన ప్రతిసారీ లాక్కుని సంచిలో పెట్టుకుంది, అందుకే ఆమెది వెయ్యలేదు.

కొత్త కార్డులు కౌంటరు పక్కనే ఉన్నాయి. నచ్చితేనే తీసుకోండి. చేపల కార్డు ఎడమవైపు ప్రింటు మసకగా వచ్చింది, అది మాత్రం కొనకండి, మళ్లీ వేయిస్తున్నాను.