పిల్లలు కాని గుడ్లనూ పరీక్షించాలి

సంపాదకుడు గారికి,

చలికాలం రాగానే హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకు ఎన్ని వలస పక్షులు వచ్చాయో లెక్కపెట్టి సంతోషిస్తాం. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువు కాబట్టి ఆ సంతోషం సహజమే. కానీ వానాకాలంలో నగర చెరువుల్లో గూళ్ళు కట్టే మునుగుడు కోళ్ళు, బాతుల గుడ్లలో ఎన్ని పిల్లలయ్యాయి, ఎన్ని సరైన కాళ్ళు, రెక్కలతో పుట్టాయి అన్న లెక్క నాకు ఎక్కడా కనబడలేదు.

కాలు వంకరగా పుట్టిన పిల్ల ఈదలేదు, మేత అందుకోలేదు. గద్దకో కుక్కకో చిక్కుతుంది. చాలా పిండాలు గుడ్డులోనే చనిపోతాయి. అందుకే మనకు కనబడటం లేదంటే అవి లేవని కాదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో కెస్టర్సన్ జలాశయం సంగతి ఇందుకు సాక్ష్యం. పొలాల మురుగునీటిని అందులోకి మళ్ళించేవారు. 1983లో శాస్త్రవేత్తలు గూళ్ళు వెతికి గుడ్లు తెరిచి చూస్తే కళ్ళు లేని, కాళ్ళు లేని, రెక్కలు సరిగా ఏర్పడని పిండాలు బయటపడ్డాయి. ఆ పొలాల నేలలో సహజంగా ఉన్న, మోతాదు మించితే విషమయ్యే సెలీనియం అనే మూలకం సాగునీటిలో కరిగి, నాచులోకి, పురుగుల్లోకి, తల్లి పక్షిలోకి, చివరకు గుడ్డులోకి చేరింది. గుడ్లు తెరవకపోతే అంత నష్టం జరుగుతోందని తెలిసేదే కాదు.

పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామిక ప్రాంతాన్ని 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. అమీన్‌పూర్ దాని పక్కనే ఉంది. ఇక్కడా కెస్టర్సన్‌లాగే జరుగుతోందని నేను అనడం లేదు. ఒక్క పిల్ల వైకల్యంతో పుడితే కారణం వంశపారంపర్యం కావచ్చు, తల్లికి పోషకాలు చాలకపోవడం కావచ్చు, పొదిగేటప్పుడు వేడి తేడా కావచ్చు. పావురాల వేళ్ళు ఊడిపోవడం చాలాసార్లు దారాలు, వెంట్రుకలు చుట్టుకోవడం వల్లే, అది పుట్టుకతో వచ్చింది కాదు. కలుషిత చెరువునూ శుభ్రమైన చెరువునూ పోల్చి చూస్తేనే నిజం తేలుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మనలాంటివాళ్ళు గూళ్ళ జోలికి వెళ్ళకూడదు, వెళ్ళనూ వద్దు. వైకల్యమున్న పిల్ల కనబడితే దూరం నుంచి ఫోటో తీసి, తేదీ, చోటు రాసి అటవీ శాఖకు పంపితే చాలు. మిగతా పని ప్రభుత్వానిది. జీవవైవిధ్య మండలి, అటవీ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి కలిసి, ఈ వానాకాలం గూళ్ళు ఖాళీ అయ్యాక పిల్లలు కాకుండా మిగిలిన గుడ్లను సేకరించాలి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయంలో పిండాలను పరిశీలింపజేసి, లోహాలకు, పురుగుమందులకు పరీక్షలు చేయించి, ఏ చెరువులో ఏం తేలిందో ప్రజల ముందు పెట్టాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్