పాత కారుకి అడాస్: మేం ఏది బిగిస్తాం, ఏది బిగించం

ఈ మధ్య షాపులో ఎక్కువగా వినపడుతున్న ప్రశ్న, "అన్నా, మన బండికి అడాస్ పెట్టేయొచ్చా?" అని. అడాస్ అంటే రోడ్డుని గమనిస్తూ డ్రైవర్‌ని హెచ్చరించే, అవసరమైతే బ్రేకు, స్టీరింగ్ కూడా తానే అందుకునే సిస్టం. ఫ్రెండు ఎవరో ఎక్స్‌యూవీ700లోనో ఆస్టర్‌లోనో ఎక్కించుకుని తిప్పి ఉంటాడు, బండి తనంతట తానే బ్రేకేసుకోవడం, లైను దాటబోతే స్టీరింగ్ వెనక్కి లాగడం చూసొచ్చి తమ 2016 స్విఫ్ట్‌కి కూడా అదే కావాలంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాసేస్తే నయం అనిపించింది, పైగా ఫిట్టింగ్ చార్జీ కూడా మారుతోంది.

ముందు అసలు సంగతి. ఇక నుంచి మన షాపులో హెచ్చరించే కిట్లు మాత్రమే బిగిస్తాం. బ్రేకు తొక్కేవి, స్టీరింగ్ తిప్పేవి ఎంత ఇస్తామన్నా బిగించం. ఆన్‌లైన్లో ఆటో బ్రేక్ పేరుతో పెడల్ దగ్గర మోటార్ పెట్టే సరుకు తెచ్చి "బిగించి ఇవ్వండి చాలు, రిస్క్ నాది" అంటున్నారు. రిస్క్ మీ ఒక్కరిది ఎలా అవుతుంది, వెనకాల వచ్చే బైకువాడి సంగతేంటి? కంపెనీ కారులో కెమెరా, రాడార్, బ్రేకు ప్రెషర్ ఇచ్చే యూనిట్, ఎలక్ట్రిక్ స్టీరింగ్ అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా కట్టి, కలిపి టెస్ట్ చేస్తారు. మన పాత బండిలో ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్నా బయటి డబ్బా చెప్పిన మాట అది వినదు. 2019 ఏప్రిల్‌కి ముందు వచ్చిన బేస్ మోడళ్లలో చాలావాటికి ఆ ఏబీఎస్ కూడా లేదు.

ఇంకో రకం ఎంక్వైరీ అమెరికా నుంచి వస్తుంది. "మా అబ్బాయి తన కొరోలాకి కామా పెట్టుకున్నాడు, హైవే మీద అదే నడుపుతుందట, ఇక్కడికి పంపిస్తాడు, బిగిస్తారా?" అని. కామా అంటే కారుకి తగిలించే చిన్న కెమెరా డబ్బా, మంచి వస్తువే. జార్జ్ హాట్జ్ అనే కుర్రాడు మొదలుపెట్టిన కంపెనీ అది. 2016లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ సేఫ్టీ వివరాలు అడుగుతూ లెటర్ పంపితే, అమ్మబోతున్న కిట్‌ని ఆపేసి సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్‌పైలట్ పేరుతో అందరికీ ఫ్రీగా వదిలేశాడు. కానీ ఆ కొరోలాలో లేన్ అసిస్ట్, ముందు బండిని బట్టి స్పీడ్ మార్చుకునే క్రూజ్ కంపెనీవే ఉంటాయి. కామా వాటినే ఇంకాస్త తెలివిగా వాడుకుంటుంది, లేని బండికి కొత్తగా చేతులూ కాళ్లూ తెచ్చివ్వదు.

మరి మేం బిగించేది ఏం చేస్తుంది? ముందు అద్దం మీద, లోపలి మిర్రర్ వెనకాల చిన్న కెమెరా. ముందు బండి వెనక భాగం ఎంత తొందరగా పెద్దదవుతోందో చూసి, మీ స్పీడ్ కలిపి, ఇలాగే పోతే ఎన్ని సెకన్లలో గుద్దుతారో లెక్కేస్తుంది. మొబైల్‌ఐ లాంటి పేరున్న కెమెరాలు గుద్దుకోవడానికి 2.7 సెకన్ల ముందే అరవగలవు. 80లో పోతూ ఆగి ఉన్న బండి మీదకి వెళ్తుంటే అది సుమారు 60 మీటర్ల దూరం. తల తిప్పి పక్కవాళ్లతో మాట్లాడుతున్నవాడికి అది ప్రాణం నిలిపే టైమే. రోడ్డు ప్రమాదాలు తగ్గించడానికి పెట్టిన ఐరాస్తే ప్రాజెక్టు కింద నాగ్‌పూర్ సిటీ బస్సులకీ, తెలంగాణ ఆర్టీసీ బస్సులకీ పెట్టినవి ఈ రకం హెచ్చరిక కెమెరాలే.

అయితే అమ్మేవాణ్ని నేనే కాబట్టి నేనే చెప్పాలి, దీనికి కనపడనివి మన రోడ్ల మీద బోలెడు. రాత్రి పూట గడ్డి ట్రాక్టర్ ఊహించుకోండి. నాలుగు వైపులా గడ్డి వేలాడుతూ ట్రాలీ, చక్రాలు, రిఫ్లెక్టర్ అన్నీ మూసుకుపోయి ఉంటాయి. కారు వెనక, లారీ వెనక ఎలా ఉంటుందో నేర్చుకున్న కెమెరాకి అది బండి అని తట్టకపోవచ్చు. టెయిల్ లైట్ లేకుండా మార్జిన్‌లో సగం రోడ్డు మీద సగం ఆపిన లారీ, అడ్డంగా నిలబడ్డ గేదె, రాంగ్ సైడ్‌లో వచ్చే బైకు, వీటి మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. గీతలు చెరిగిపోయిన చోట లేన్ వార్నింగ్ ఉన్నట్టూ లేనట్టే. ఇక బెంజ్ సర్కిల్ దాటేసరికి ఆటోలు దూరినప్పుడల్లా బీప్, బీప్. భరించలేక సౌండ్ జీరో చేసేసి, "పనిచేయట్లేదు" అని మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు. సౌండ్ తీసేయకండి, సిటీలో సెన్సిటివిటీ తగ్గించుకోండి, ఎలాగో చూపిస్తాం.

ఇక ఫిట్టింగ్. అతికించేసి పంపే పని కాదిది. అద్దం మీద కెమెరా ఎత్తు, అద్దం సరిగ్గా మధ్య నుంచి ఎంత పక్కకి ఉంది, బంపర్ దాకా దూరం టేపుతో కొలిచి యాప్‌లో ఎక్కించాలి, తర్వాత గుంటూరు హైవే మీద గీతలు బాగున్న చోట నడిపి సెట్ చేయాలి. పూట పడుతుంది. అందుకే చార్జీ 1,500 నుంచి 2,500 చేస్తున్నాం. నిజం చెప్పాలంటే దీని మీద మిగిలేది సీట్ కవర్ల మీద మిగిలేదానికన్నా తక్కువ. అద్దం మార్పిస్తే మళ్లీ కొలతలు చూసుకోవాలి, మన దగ్గర బిగించినదైతే అది ఫ్రీ. మిర్రర్‌కి వేలాడే దండలు, బొమ్మలు మాత్రం తీసేయాల్సిందే, కెమెరా ముందు ఊగుతూ దాన్ని పిచ్చెక్కిస్తాయి.

డబ్బులు ఒక్కదానికే ఉంటే బ్లైండ్ స్పాట్ (మిర్రర్లలో కనపడని పక్క జాగా) చూసే రాడార్ తీసుకోమంటాను. వెనక బంపర్ లోపల రెండు సెన్సర్లు, పక్కన బైకు ఉంటే పిల్లర్ దగ్గర లైటు వెలుగుతుంది, మన ట్రాఫిక్‌లో రోజూ పనికొచ్చేది అదే. బంపర్ ప్లాస్టిక్‌దై ఉండాలి, లోహం ఉంటే రాడార్ దాటదు. వెనక ఇనప గార్డ్ ఉన్నవాళ్లు ముందు అది పీకించుకుని రండి, 2017 డిసెంబర్ నుంచి క్రాష్ గార్డులు, బుల్‌బార్లు ఎలాగూ కేంద్రం వద్దంటూనే ఉంది.

వైరింగ్ ఫ్యూజ్ బాక్స్ నుంచి ట్యాప్‌తో తీసుకుంటాం, కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యం. వారంటీలో ఉన్న బండైతే ముందు షోరూంలో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఒక మెయిల్ పెట్టి రండి. డాష్‌క్యామ్ కూడా కావాలంటే బ్యాటరీది కాకుండా కెపాసిటర్‌ది తీసుకోండి, మన మే నెల ఎండకి బ్యాటరీలు ఉబ్బుతున్నాయి.

ముందు రోజు ఫోన్ చేసి, పొద్దున తొమ్మిదిలోపు బండి తెచ్చేయండి. ఎండెక్కి అద్దం కాలిపోతుంటే టేపు సరిగ్గా పట్టదు.