పట్టాతో పాటే బడికీ చోటు చూపాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. విశాఖ నగరంలో అద్దె గదుల్లో, గెడ్డల గట్ల మీద, కొండవాలు పాకల్లో ఏళ్ల తరబడి బతికిన పేద కుటుంబాలకు సొంత ఇంటి కోసం ప్రభుత్వం ఎంచుకున్న భూముల్లో చాలా భాగం నగరం లోపల లేదు. అవి సబ్బవరం, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి, భీమునిపట్నం, అనకాపల్లి మండలాల పల్లెల్లో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో జరిగిన సభలో నగర పేదలకు లక్షకు పైగా ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. అంతకుముందు 2020 డిసెంబరు 25న రాష్ట్రవ్యాప్తంగా మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీలో 30 లక్షలకు పైగా కుటుంబాలు లబ్ధిదారులు కాగా, వారి కోసం 17 వేలకు పైగా లేఅవుట్లు వేశారు. కట్టేవి ఇళ్లు కావు, ఊళ్లు అని అప్పటి ప్రభుత్వం పదేపదే చెప్పింది. ఆ మాటను నేను తప్పు పట్టను, పేదవాడికి సొంత గూడు దక్కడాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. అయితే ఊరు అన్నాక బడి ఉండాలి. ఆ బడి ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని గదులతో, ఎందరు ఉపాధ్యాయులతో రావాలన్న లెక్క ఇల్లు మంజూరైన రోజున ఎవరూ వేయడం లేదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా గ్రామ శివారులో అలాంటి కాలనీ ఒకటి ఉంది. పునాదుల దగ్గర ఆగిపోయిన ఇళ్లు కొన్ని ఉన్నా, గృహప్రవేశం చేసుకుని కాపురం పెట్టిన కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. ఒక్కో స్థలం ఒక సెంటు, అంటే 48 చదరపు గజాలు. రోడ్లు పోను ఎకరానికి నలభై, యాభై కుటుంబాలు సర్దుకునే పద్ధతి ఇది. పొలాల మధ్య వ్యవసాయ కుటుంబాలు పలచగా ఉండే పల్లె పక్కన ఇంత దట్టమైన జనావాసం వస్తే, ముందుగా ఒత్తిడి పడేది మంచినీటి బోరు మీద, ఆ తరువాత మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల మీద. నీటికి ట్యాంకరు పంపవచ్చు. బడిని ట్యాంకరులో పంపలేం.

ఆ పాఠశాలను మా ఊరి పిల్లల కోసం కట్టారు. ఇప్పుడు రెండు తరగతులు వరండాలో వీపులు ఆనించుకుని కూర్చుంటున్నాయి. ఒకవైపు మూడో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే, మరోవైపు నాలుగో తరగతి వారికి తెలుగు పాఠం చెప్పాల్సిన ఉపాధ్యాయురాలు వారి గొంతు తగ్గేదాకా ఆగుతారు. జల్లు కొడితే అందరూ లేచి గదిలోకి వెళ్లి, ముందే కిక్కిరిసిన రెండో తరగతి పక్కన నిలబడతారు. నగరం నుంచి ఏడాది మధ్యలో టీసీ పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులను వెనక్కి పంపే హక్కు ప్రధానోపాధ్యాయుడికి లేదు, ఉండకూడదు కూడా. కానీ పాఠ్యపుస్తకాలు, బూట్లు, సంచులు ముందటి లెక్క ప్రకారం వస్తాయి కాబట్టి కొత్తగా చేరిన పిల్లలు పక్కవారి పుస్తకంలోకి తొంగిచూస్తూ వారాలు గడుపుతున్నారు. హైస్కూలుకు వెళ్లే పెద్దపిల్లలది మరో బాధ. కాలిబాట లేని రోడ్డు అంచున, క్వారీ లారీలు దుమ్ము రేపుకుంటూ పోయే చోట, వాళ్లు వరసగా నడిచి వెళ్తారు. ఆడపిల్లలను ఆ దారిన పంపలేక ఏడో తరగతితో మాన్పించిన కుటుంబాలు మా కాలనీలోనే ఉన్నాయి.

ఇది డబ్బు చాలక వచ్చిన సమస్య అని అధికారులు అంటారు. కొంతవరకు నిజమే కావచ్చు. కానీ అసలు లోపం ముందుచూపు లేకపోవడంలో ఉంది. ఎక్కడైనా జనాభా పెరిగిందని ప్రభుత్వానికి ఆలస్యంగా తెలిస్తే అర్థం చేసుకోవచ్చు. ఈ కాలనీల్లోకి రాబోయే ప్రతి కుటుంబం పేరూ, రేషన్ కార్డూ, ఆధార్ నంబరూ ఇల్లు కట్టకముందే, చాలా చోట్ల రెండు మూడేళ్ల ముందే, ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. తల్లికి వందనం పథకం కింద ఏ తల్లికి బడికి వెళ్లే పిల్లలు ఎందరో లెక్క తీసి, ఆ లెక్క ప్రకారమే బ్యాంకు ఖాతాల్లో డబ్బు జమ చేస్తున్నారు. గృహనిర్మాణ సంస్థ దగ్గరున్న లబ్ధిదారుల జాబితాను పాఠశాల విద్యాశాఖ దగ్గరున్న పిల్లల వివరాలతో సరిపోల్చితే, ఫలానా కాలనీలో ఫలానా సంవత్సరానికి ఒకటో తరగతిలో ఎందరు, ఆరో తరగతిలో ఎందరు ఉంటారో చెప్పడం కష్టమేమీ కాదు. రెండు శాఖల మధ్య ఆ కాగితం కదలకపోవడమే మా పిల్లలు వరండాలో కూర్చోవడానికి కారణం.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6వ సెక్షన్ పిల్లలకు పరిసర పాఠశాలను ఏర్పాటు చేసే బాధ్యతను ప్రభుత్వం, స్థానిక సంస్థల మీద పెట్టింది. మన రాష్ట్ర నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. తమ పరిధిలో నివసించే పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలు నమోదు చేసి ఉంచాల్సింది స్థానిక సంస్థలేనని 9వ సెక్షన్ చెబుతోంది. పాఠశాల యాజమాన్య కమిటీ మూడేళ్లకు అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలనీ, అందులో ఏటా తరగతి వారీగా ఎందరు చేరతారో, అదనంగా ఎందరు ఉపాధ్యాయులు, ఎన్ని గదులు కావాలో అంచనా వేయాలనీ నియమాలున్నాయి. అంటే మూడేళ్ల ముందుచూపు చట్టంలోనే ఉంది. అయితే ఊరి పక్కన ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయో, ఎన్ని పూర్తయ్యాయో కమిటీకి ఎవరూ చెప్పనప్పుడు, ఆ కమిటీ గత ఏడాది అంకెలనే కాస్త అటూఇటూ మార్చి రాయడం తప్ప ఏం చేయగలదు?

ఒక చిన్న లెక్క చూద్దాం. ఐదు వందల ఇళ్ల కాలనీలో రెండిళ్లకు ఒక ప్రాథమిక పాఠశాల వయసు బిడ్డ ఉన్నా 250 మంది అవుతారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 200 దాటిన ప్రాథమిక పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడికి 40 మందికి మించి పిల్లలు ఉండకూడదు కాబట్టి ప్రధానోపాధ్యాయుడు కాక ఏడుగురు కావాలి, ఉపాధ్యాయుడికి ఒక గది చొప్పున కనీసం ఏడు గదులు కావాలి. బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ కూడా ఆ షెడ్యూలులోనివే. గ్రామాల్లో 400 నుంచి 800 మంది జనాభాకు ఒక అంగన్‌వాడీ కేంద్రం ఉండాలన్న ప్రమాణం చూస్తే, అదే కాలనీకి కనీసం రెండు కేంద్రాలు రావాలి. ఐదు వందల ఇళ్లకే ఇంత అవసరమైతే, 2023 జూన్‌లో తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒకే చోట ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లకు ఎన్ని బడులు కావాలో వేరే చెప్పనక్కర్లేదు. ఇళ్లను గుంపుగా ఒకే చోట కట్టే పద్ధతి ఎంచుకున్న ఏ ప్రభుత్వానికైనా ఈ లెక్క తప్పదు.

ఇక ఉపాధ్యాయుల విషయం. పాఠశాలల పునర్వ్యవస్థీకరణ జరిగిన ప్రతిసారీ ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు హాజరు పట్టీలో ఉన్న పేర్లను బట్టి పోస్టులు ఖరారు చేస్తారు. 2022లో 117 జీవో ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడూ అంతే, 2025లో ఆ జీవోను పక్కనపెట్టి కొత్త విధానం తెచ్చినప్పుడూ అంతే. కొత్త కాలనీ ఆ తేదీ నాటికి సగం ఖాళీగా ఉంటుంది, లేదా అక్కడి పిల్లలు ఇంకా నగరంలోని పాత బడికే ఆటోల్లో వెళ్తుంటారు. దాంతో రోల్, అంటే పట్టీలో పిల్లల సంఖ్య, లేదు కాబట్టి పోస్టు లేదంటారు, మరుసటి ఏడాది పోస్టు లేదు కాబట్టి తల్లిదండ్రులు పిల్లలను చేర్చరు. ఈ చక్రం తనంతట తాను ఆగదు. 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మెగా డీఎస్సీ నియామక పరీక్ష నిర్వహించి నియామకాలు చేసిన ప్రభుత్వాన్ని అభినందిస్తూనే, కొత్త కాలనీలున్న పాఠశాలలకు మొదటి రెండు మూడేళ్లు రాబోయే పిల్లల అంచనా మీద పోస్టులు ఇవ్వాలని కోరుతున్నాను.

మరొక చిక్కు మా ప్రాంతానికే ప్రత్యేకమైనది. కాలనీలోకి వచ్చేవారి జాబితా నగరపాలక సంస్థది, భూమి మాత్రం పంచాయతీ పరిధిలోది. పిల్లల గురించి పంచాయతీని అడిగితే వాళ్లు నగరం వాళ్లంటారు, నగర అధికారులను అడిగితే అది తమ పరిధి కాదంటారు. పాత వార్డులో పిల్లలు తగ్గి అక్కడి బడి మూతపడే స్థితికి వస్తుంటే, ఇక్కడ కూర్చోవడానికి చోటుండదు. ఇల్లు మారిన బిడ్డ వెంట ఉపాధ్యాయ పోస్టు కూడా మారే ఏర్పాటు జిల్లా స్థాయిలో ఉండాలి. నగరంలోని బడులూ మా బడులూ ఇప్పుడు రెండు జిల్లాల కింద ఉన్నాయి కాబట్టి ఇద్దరు కలెక్టర్లు కూర్చుని మాట్లాడుకోవలసిన విషయమిది.

స్థలం గురించి కూడా చెప్పాలి. లేఅవుట్ పటంలో బడికనీ, అంగన్‌వాడీకనీ, ఆటస్థలానికనీ రంగులు వేసి చూపిస్తారు. కానీ ఆ స్థలానికి హద్దురాళ్లు ఉండవు, కంచె ఉండదు, విద్యాశాఖ పేరిట కాగితం ఉండదు. మా కాలనీలో సామాజిక అవసరాలకు వదిలిన స్థలంలో మొదట ఇసుక, ఇటుక కుప్పలు పోశారు, తరువాత ఒక షెడ్డు లేచింది. పటంలోనేమో అది ఇంకా బడి స్థలమే. రేపు నిధులు వచ్చినా ఆక్రమణ తొలగించడానికే ఏళ్లు పడుతుంది. ఇంటి ముందు అరుగు వేసుకునే జాగా కూడా లేని ఒక సెంటు స్థలాల మధ్య, పిల్లలు పరుగెత్తడానికి మిగిలింది ఆ ఖాళీ జాగా ఒక్కటే. దాన్ని కాపాడటానికి కోట్ల రూపాయలు అక్కర్లేదు, ఒక సర్వేయరూ నాలుగు హద్దురాళ్లూ చాలు.

పక్కనే ప్రైవేటు బడుల బస్సులు వస్తున్నాయి కదా, స్థోమత ఉన్నవాళ్లు వాటిలో పంపుతున్నారు కదా అని ఒక అధికారి అన్నారు. స్థోమత ఉన్నవాళ్లకు ఒక సెంటు పట్టా ఇవ్వలేదు. ఇక్కడికి వచ్చినవాళ్లు ఇళ్లలో పనిచేసేవారు, తాపీ పనివారు, ఆటో నడిపేవారు, చేపలమ్మే తల్లులు. నగరానికి దూరమయ్యాక పనికి వెళ్లిరావడానికే వాళ్లకు రోజూ అదనపు ఖర్చు అవుతోంది. దాని మీద బడి ఫీజు, బస్సు ఫీజు కూడా పడితే, ఉచితంగా వచ్చిన ఇల్లే వాళ్లకు బరువవుతుంది. ఇళ్లు పూర్తయ్యాక కూడా తాళాలు వేసి నగరంలోనే అద్దెకు ఉంటున్న కుటుంబాలను అడిగి చూడండి. నీళ్లు, బస్సు, బడి అని మూడు మాటలు చెబుతారు.

గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్ల చొప్పున స్థలాలు ఇస్తామని ప్రస్తుత ప్రభుత్వం నిర్ణయించింది. పాత లేఅవుట్లలో జరిగిన పొరపాటు కొత్తవాటిలో జరగకుండా చూడటానికి ఇదే సమయం. లబ్ధిదారుల జాబితా ఖరారైన నెల రోజుల్లో, వయసుల వారీగా పిల్లల లెక్కతో సహా దాన్ని మండల విద్యాశాఖాధికారికీ, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారికీ పంపాలి. మొదటి పట్టా చేతికిచ్చే ముందే బడి స్థలాన్ని కొలిచి, హద్దులు వేసి, విద్యాశాఖకు అప్పగించాలి. బడి భవనం అంచనా కూడా కాలనీ రోడ్లు, విద్యుత్తు, తాగునీటి అంచనాల్లో భాగంగానే మంజూరు కావాలి, ఆ తరువాత ఎప్పుడో వేరే పథకంలో వచ్చేదిగా ఉండకూడదు. భవనం లేచేదాకా కాలనీలోనే రెండు మూడు గదులు అద్దెకు తీసుకునైనా ఒకటి, రెండు తరగతులు నడపాలి. హైస్కూలుకు వెళ్లే పిల్లలకు బడి వేళకు ఆర్టీసీ బస్సు వేయాలి.

ఇప్పటికే జనం చేరిన కాలనీల సంగతి అంతకన్నా తొందరగా చూడాలి. జూన్ 12న బడులు తెరిచేలోగా గ్రామ సచివాలయ సిబ్బందీ, విద్యాశాఖ క్లస్టర్ రిసోర్స్ పర్సన్లూ (సీఆర్పీలు) కలిసి ఈ కాలనీల్లో ఇంటింటికీ తిరిగి పిల్లలను లెక్కించి, ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపించాలి. ఏ పాఠశాలకు ఎన్ని అదనపు గదులు, ఎందరు ఉపాధ్యాయులు అవసరమో, అవి ఏ నెలకు వస్తాయో రాతపూర్వకంగా చెప్పాలని జిల్లా విద్యాశాఖాధికారులనూ, గృహనిర్మాణ సంస్థ అధికారులనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
అనకాపల్లి జిల్లా