చవక కార్ల కంపెనీలు, ఖరీదైన కార్లు: ఒక వర్క్‌షాపు నుంచి చూస్తే

సంపాదకుడు గారికి నమస్కారం.

మధ్యతరగతి కోసం కార్లు చేసి పేరు తెచ్చుకున్న కంపెనీలు బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడీల సరసన నిలబడగలవా అన్న విషయంపై మీ పత్రికలో వస్తున్న అభిప్రాయాలను శ్రద్ధగా చదువుతున్నాను. రాసినవారిలో ఎక్కువమంది ఇంజిన్ శక్తి, స్క్రీన్ సైజు, సీట్ల లెదర్, సన్‌రూఫ్ గురించి చర్చించారు. హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా కార్ల మరమ్మతు వృత్తిలో ఉండి, అందులో మొదటి తొమ్మిదేళ్లు ఒక డీలరు దగ్గర సర్వీస్ అడ్వైజరుగా, ఆ తరువాత సొంత వర్క్‌షాపు పెట్టుకుని పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న మరో వైపు నుంచి కనిపిస్తుంది. కారు తయారు చేయడంలో ఈ కంపెనీలు చాలా దూరం వచ్చేశాయి. అమ్మిన మరునాటి నుంచి ఆ కారు యజమానిని చూసుకునే తీరులో మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. లగ్జరీ మార్కెట్‌లో వాటి గెలుపోటములు ఈ రెండో విషయం మీదే ఆధారపడతాయని నా గట్టి నమ్మకం.

పోయిన వానాకాలంలో ఒక రోజు నా షెడ్డులో పక్కపక్క లిఫ్టుల మీద రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి డెబ్బై లక్షలు పెట్టి కొన్న జర్మన్ కారు, రెండోది పాతిక లక్షల లోపు వచ్చిన మన దేశపు ఎస్‌యూవీ. రెండింటికీ పవర్ విండో ఫిర్యాదే కావడంతో డోర్ ప్యాడ్లు ఒకే పూట విప్పవలసి వచ్చింది, పోల్చి చూసే అవకాశం దొరికింది. జర్మన్ కారు తలుపుకు రబ్బరు బీడింగు మూడు వరుసలుగా ఉంది, మనదానికి రెండు వరుసలు. దాని తలుపు లోపల వైర్ల కట్టకు ఆసాంతం గుడ్డ టేపు చుట్టి ఉంది, మనదానికి మలుపుల దగ్గర మాత్రమే చుట్టారు. కింద చూస్తే దాని సస్పెన్షన్ ఆర్ములు అల్యూమినియంవి, దీనివి ఉక్కురేకును ఒత్తి చేసినవి. తేడా లేదని నేను అనను. కానీ పదేళ్ల క్రితం ఇలాంటి రెండు బండ్లను పక్కపక్కన పెడితే తలుపు వేసిన చప్పుడుకే ఏది ఎంత ధరదో తెలిసిపోయేది. ఇప్పుడు ప్యాడ్ విప్పి, టార్చిలైటు వేసి తేడాలు వెతకవలసి వస్తోంది. పైగా సీటులోంచి చల్లగాలి వచ్చే సదుపాయం ఆ పాతిక లక్షల బండిలో ఉంది, డెబ్బై లక్షల బండిలో లేదు. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు రోజూ తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి వస్తువు చేతనవుతుందా లేదా అన్న సందేహం నాకు లేదు. ప్రపంచంలో ఈ ప్రయత్నం చేసినవారి అనుభవం చూసినా వస్తువు ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించలేదని తెలుస్తుంది. టయోటా అధినేత ఐజీ టయోడా 1983లో తన ఇంజినీర్లకు ప్రపంచంలోని అత్యుత్తమ కార్లతో పోటీపడే కారు చేయమని చెప్పారు. ఆరేళ్ల తరువాత, 1989లో, లెక్సస్ అన్న కొత్త పేరుతో, అమెరికాలో ప్రత్యేకమైన షోరూములలో, ఎల్‌ఎస్ 400 వచ్చింది. ఆ కారు నిశ్శబ్దాన్ని, నున్నదనాన్ని అందరూ పొగిడారు. నా దృష్టిలో మాత్రం లెక్సస్ పేరు నిలబడింది కారు విడుదలైనప్పుడు కాదు, అదే ఏడాది డిసెంబరులో. వైరింగు, బ్రేకు లైటు విషయంలో ఇద్దరు కొనుగోలుదారుల నుంచి ఫిర్యాదులు రాగానే కంపెనీ అప్పటిదాకా అమ్మిన సుమారు 8,000 కార్లనూ వెనక్కి పిలిచింది. యజమానిని షోరూముకు రమ్మనకుండా మనుషులే ఇంటికి వెళ్లి కారు తీసుకువెళ్లారు, బాగుచేసి తిరిగి ఇంటికే తెచ్చి అప్పగించారు. డీలర్లు లేని దూర ప్రాంతాలకు మెకానిక్‌లను విమానంలో పంపి, అక్కడ గ్యారేజీలు అద్దెకు తీసుకుని మరీ పని చేయించారు. మొత్తం ఇరవై రోజుల్లో ముగించారు. కొత్త కంపెనీ మొదటి ఏడాదిలోనే లోపం ఒప్పుకోవడం పరువు తక్కువ అవుతుందని వెనుకాడి ఉంటే ఆ పేరు అక్కడే ఆగిపోయేది.

దీనికి ఎదురుగా ఫోక్స్‌వ్యాగన్ ఫేటన్ కథ ఉంది. 2002లో వచ్చిన ఆ కారు కోసం కంపెనీ పెద్ద ఫెర్డినాండ్ పియెక్ పెట్టిన షరతులు మా వృత్తిలోనివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. బయట 50 డిగ్రీల వేడి ఉన్నా, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రోజంతా నడిపినా, కారు లోపల 22 డిగ్రీలే ఉండాలన్నది వాటిలో ఒకటి. డ్రెస్డెన్ నగరంలో అద్దాల గోడలతో ప్రత్యేకంగా కర్మాగారం కట్టించి అందులో ఆ కారును తయారు చేశారు. అంత చేసీ, చిన్న కార్ల మీద ఉండే గుర్తునే దాని ముందు కూడా తగిలించి, ఆ చిన్న కార్లు అమ్మే షోరూములోనే నిలబెట్టారు. అమెరికా నుంచి 2006లోనే దాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది, 2016లో తయారీయే ఆగిపోయింది. అదే పునాది, అంటే కారు కింది నిర్మాణం మీద కట్టి, ఖరీదైన కార్లకే పేరుపడ్డ బెంట్లీ గుర్తుతో అమ్మిన కాంటినెంటల్ మాత్రం చక్కగా అమ్ముడుపోయింది.

హ్యుందాయ్ నడిచిన దారి వీటికంటే ఓపికైనది. 1986లో 4,995 డాలర్ల ఎక్సెల్ కారుతో అమెరికాలో అడుగుపెట్టిన ఆ కంపెనీ పేరు, నాణ్యత విషయంలో మొదటి పదేళ్లు అక్కడివారి నోట ఎగతాళిగా నానింది. ఆ చెడ్డపేరు పోగొట్టుకోవడానికి ప్రకటనలు గుప్పించడంతో సరిపెట్టక, ఇంజిన్, గేర్‌బాక్సులకు పదేళ్ల వారంటీ ఇచ్చింది. అలా నమ్మకం కుదిరిన తరువాతే 2008లో జెనెసిస్ అన్న పెద్ద కారును తెచ్చింది. అది మరుసటి ఏడాది ఉత్తర అమెరికా ఉత్తమ కారుగా ఎంపికైంది. అయినా జెనెసిస్‌ను విడి బ్రాండుగా ప్రకటించడానికి 2015 దాకా ఆగింది. ఎక్సెల్ నుంచి అక్కడికి చేరడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టిందన్న సంగతి మన కంపెనీలు గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో మారుతి 2011లో కిజాషి అన్న పెద్ద కారును పదహారు, పదిహేడు లక్షల ధరలో తెచ్చింది. నడపడానికి ఎంతో బాగుండేది, ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే నిలబడి చూస్తాను. ఆల్టో కొనడానికి వచ్చినవారు కూర్చునే సోఫాలోనే దాని కొనుగోలుదారునూ కూర్చోబెట్టారు, కొద్ది సంవత్సరాల్లోనే ఆ కారు కనుమరుగైంది. ఆ తప్పు దిద్దుకోవడానికి 2015లో నెక్సా అన్న పేరుతో విడి షోరూములు తెరిచి, మొదట ఎస్-క్రాస్‌ను పెట్టారు. తీరా చూస్తే ఆరు నెలలు తిరగకముందే అందులోని ఖరీదైన మోడళ్ల ధర రెండు లక్షల దాకా తగ్గించారు. ముందుగా నమ్మి కొన్నవారి మనసు అప్పుడు ఎంత నొచ్చుకుని ఉంటుందో ఊహించవచ్చు. లగ్జరీ కొనుగోలుదారు దృష్టిలో ధర కూడా కంపెనీ ఇచ్చిన మాట కిందే లెక్క. టాటా సంస్థ వేరే దారి ఎంచుకుంది. 2008 జనవరిలో లక్ష రూపాయల నానోను ప్రపంచానికి చూపించిన ఆ సంస్థే అదే ఏడాది 230 కోట్ల డాలర్లకు జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌ను కొన్నది. ఆ పేర్లను తన పేరుతో కలిపేయకుండా విడిగా ఉంచడం తెలివైన పని. ఆ సాంకేతికత మెల్లగా కిందికి దిగి, ల్యాండ్‌రోవర్ పునాదిని ఆధారం చేసుకున్న హారియర్ 2019లో మన ముంగిటికి వచ్చింది.

ఇక మా ఊరి సంగతి చెబుతాను. నాకు పాత పరిచయస్తుడైన ఒక డాక్టరు గారు రెండేళ్ల క్రితం రాత్రిపూట హైదరాబాద్ నుంచి వస్తుండగా ఆయన విదేశీ లగ్జరీ కారు జనగామ దగ్గర పెంబర్తిలో ఆగిపోయింది. "తమ్మీ, బండి కదుల్తలేదు, జర రారాదు" అని ఫోన్ చేశారు. వెళ్లి స్కానర్ పెడితే ఫలానా సెన్సారు పోయిందని చూపించింది. గుప్పిట్లో పట్టే వస్తువు అది. బయట కొని బిగించినా, కంపెనీ వారు తమ కంప్యూటరు నుంచి అనుమతించకపోతే కారు దాన్ని గుర్తించదు. రికవరీ వ్యాన్ ఎక్కించి తిరిగి హైదరాబాద్ పంపించాం. బండి ఇంటికి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆయన విసిగి దాన్ని అమ్మేసి, జిల్లా కేంద్రంలోనే సర్వీసు దొరుకుతుందన్న ఒకే కారణంతో, మన దేశంలోనే తయారైన ముప్పై లక్షల ఎస్‌యూవీ కొన్నారు. నా ఉద్దేశంలో చవక కార్ల కంపెనీలకు ఉన్న అతిపెద్ద బలం ఇదే. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వంటి ఊళ్లలో వాటికి షెడ్లు ఉన్నాయి, పనివారు ఉన్నారు, పార్టులు దొరుకుతాయి. జర్మన్ కంపెనీలు ఎన్ని కోట్లు పెట్టినా ఆ అల్లికను రెండు మూడేళ్లలో తయారు చేసుకోలేవు.

ఆ బలాన్ని ఎలా పోగొట్టుకుంటున్నారో కూడా ఆ డాక్టరు గారి అనుభవమే చెబుతుంది. కొత్త బండి కొన్న రెండో నెలలో డిక్కీ వైపు నుంచి కటకటమని చప్పుడు మొదలైంది. సర్వీసుకు తీసుకువెళ్తే టోకెన్ ఇచ్చి, ఐదారు లక్షల బండ్లతో వరుసలో వచ్చినవారితోపాటే మూడు గంటలు కూర్చోబెట్టారు. అది తప్పని నేను అనను, చిన్న కారు యజమాని సమయమూ సమయమే. చివరకు బయటికి వచ్చిన అబ్బాయి "ఈ మోడల్‌ల అన్నిటికి గిట్లనే వస్తది సార్" అని చెప్పి తాళం చేతిలో పెట్టాడు. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చారు. డిక్కీ డోరు లోపలి ప్యాడ్ విప్పి చూస్తే ఒక ప్లాస్టిక్ క్లిప్పు దాని రంధ్రంలో వదులుగా ఉండి, గుంతల రోడ్డు మీద రేకుకు తగులుతోంది. దాని చుట్టూ అంగుళం ఫెల్టు టేపు అంటించి బిగించాను. మొత్తం కలిపి నలభై రూపాయల పని. ముప్పై లక్షలు పెట్టిన మనిషికి ఆ నలభై రూపాయల శ్రద్ధ కంపెనీ దగ్గర దొరకలేదు.

మన ప్రాంతంలో ఈ నమ్మకాన్ని సంపాదించిన బండి ఒకటి ఉంది, మీ చర్చలో దాని ప్రస్తావన రాకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. టయోటా ఫార్చ్యూనర్ లగ్జరీ బ్రాండు కాదు. ట్రక్కు మాదిరి ఛాసిస్ మీద కట్టిన బండి, వెనుక సీటులో కుదుపు తెలుస్తుంది, లోపలి అలంకరణ దాని ధరకు తగినట్టు ఉండదు. అయినా ఆన్‌రోడ్ ధర యాభై లక్షలు దాటే మోడళ్లను సైతం మన కాంట్రాక్టర్లు, రైస్‌మిల్లర్లు, గ్రానైట్ వ్యాపారులు, నాయకులు వరుసపెట్టి కొంటున్నారు. ఎందుకని అడిగితే, మేడారం జాతర దారిలోనైనా, ఏటూరునాగారం అడవి రోడ్డులోనైనా ఆగదనీ, ఐదేళ్ల తరువాత అమ్మినా మంచి ధర వస్తుందనీ చెబుతారు. అదే ఐదేళ్లలో విదేశీ లగ్జరీ సెడాన్ సగానికిపైగా విలువ పోగొట్టుకోవడం సెకండ్ హ్యాండ్ బేరాలలో నేను చాలాసార్లు చూశాను. అంటే మన జిల్లాల కొనుగోలుదారు గుర్తు చూసి మాత్రమే డబ్బు తీస్తాడన్న వాదన నిజం కాదు. బండి ఆగదన్న భరోసా కుదిరితే, అంతకు ముందు సామాన్యుడి కారు చేసిన కంపెనీకైనా అరకోటి ఇవ్వడానికి వెనుకాడడు.

విద్యుత్ కార్లతో ఈ అవకాశం ఇంకా పెరిగింది. జర్మన్ల గొప్పతనంలో సగం ఇంజిన్ నున్నదనమే, విద్యుత్ మోటారుకు ఆ నున్నదనం కోసం కష్టపడే ఇబ్బందే లేదు. 2024 నవంబరులో మహీంద్రా తెచ్చిన విద్యుత్ ఎస్‌యూవీలు పంతొమ్మిది లక్షల లోపు నుంచి ముప్పై లక్షల దాకా ధరలో నిశ్శబ్దాన్ని, వేగాన్ని అందిస్తున్నాయి. పెద్ద పెట్రోలు, డీజిల్ కార్ల మీద జీఎస్టీ 40 శాతం ఉండగా విద్యుత్ కార్ల మీద 5 శాతమే. మన రాష్ట్రం 2024 నవంబరులో వాటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల నుంచి మినహాయింపు కూడా ప్రకటించింది. అయితే బ్యాటరీ విప్పి చూడగల శిక్షణ పొందిన మనిషి ప్రతి జిల్లా కేంద్రంలో ఉండాలి. లేకపోతే పెంబర్తి దగ్గర ఆగిన బండి కథే మళ్లీ మొదలవుతుంది.

ఒక భయం కూడా ఉంది, దాన్ని దాచుకోను. పెద్ద కార్ల మోజులో చిన్న కార్ల రేకు పలచబడకూడదు. 2018లో టాటా నెక్సాన్‌కు, 2024లో మారుతి కొత్త డిజైర్‌కు, కార్లను ఢీకొట్టించి భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఐదు నక్షత్రాలు వచ్చిన తరువాత, చవక కారులోనూ ప్రాణ రక్షణ సాధ్యమేనని మన కంపెనీలే రుజువు చేశాయి. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగి నా షెడ్డుకు చేరే బండ్లలో ఎక్కువ చిన్నవే. ఖరీదైన కారు మీద వచ్చే లాభంలో కొంతైనా వాటి భద్రతకు తిరిగి వెళ్లాలి.

మీ పత్రిక ద్వారా ఈ కంపెనీల పెద్దలను నేను కోరేది ఇంతే. పాతిక లక్షలు దాటిన కారు అమ్మే ప్రతి జిల్లా కేంద్రంలో, ఆ మోడల్ మీద శిక్షణ పొందిన ఒక్క మెకానిక్‌నైనా పేరుతో సహా యజమానికి పరిచయం చేయండి. బండి రెండు రోజులకు మించి షెడ్డులో ఉంటే మరో బండి ఇవ్వండి. మావంటి స్థానిక వర్క్‌షాపులకు తగిన రుసుము తీసుకుని సెన్సార్ల కోడింగుకు, అంటే కొత్త సెన్సారును కారు గుర్తించేలా చేయడానికి, అనుమతి ఇవ్వండి, రాత్రి పదకొండు గంటలకు జనగామ రోడ్డు మీదికి వెళ్లేది మేమే. ఆ డాక్టరు గారి కారు వారంటీ వచ్చే మార్చితో ముగుస్తుంది, ఆయన తరువాతి బండి కోసం అప్పుడే వాకబు మొదలుపెట్టారు.

భవదీయుడు,
ఒక కార్ల వర్క్‌షాపు యజమాని,
హన్మకొండ